గాయపడిన గద్ద, చేతిలో అమానత్

 

సంక్రాంతి సెలవులు ముగిసిన వారంలో బల్కంపేట నుండి ఒక సోదరి మాకు ప్రశ్న పంపారు. వారి మేడపైన నీళ్ళ ట్యాంకుకూ కేబుల్ తీగకూ మధ్య చిక్కుకున్న మాంజాలో ఒక గద్ద (మన ఇళ్ళలో చీల్ అంటాము) తలక్రిందులుగా వ్రేలాడుతూ కనిపించింది. రాత్రంతా అలాగే ఉన్నట్టుంది. పిల్లలు దారం కోసి దించారు. రెక్క ఎముక చర్మం చీల్చుకొని బయటికి వచ్చి నల్లబడి ఉంది. అట్టపెట్టెలో పెట్టి పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళారు. ఆయన చూసి, ఇది ఇక బాగుపడదు, మందు ఎక్కించి బాధ లేకుండా ప్రాణం పోనివ్వటమే మేలు అన్నారు. ఇంటి పెద్దాయన ఒప్పుకోలేదు. ప్రాణం పోసినవాడే తీసుకుంటాడు, మధ్యలో మనమెవరం అని పెట్టెను తిరిగి ఇంటికి తెచ్చారు. గద్ద రెండు రోజులు నోరు తెరుచుకొని ఎగశ్వాస పీలుస్తూ మూడవ రోజు ఫజర్ వేళకు చనిపోయింది. సోదరి అడిగింది ఒక్కటే: డాక్టరు మాట వినకపోవటం పాపమా, వినివుంటే పాపమయ్యేదా?

దీనికి ప్రశ్నోత్తరాల పేజీలో రెండు వాక్యాల్లో జవాబు ఇవ్వవచ్చు. కాని ఇలాంటి ప్రశ్న ఏటా జనవరిలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. పైగా ఆ పెద్దాయన అన్న మాట తేలికగా తీసివేయదగినది కాదు. అందుకే కాస్త వివరంగా వ్రాస్తున్నాము.

ముందు ఆ గద్దకు ఏమి జరిగిందో తెలుసుకుందాము. విషయం తెలియకుండా హుకుం చెప్పటం మన ధర్మశాస్త్రంలో అసలే లేదు.

బల్కంపేట, అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్ ప్రాంతాల్లో మేడలు ఒకదాన్నొకటి ఆనుకొని ఉంటాయి. తెగిన పతంగుల దారాలు కేబుల్ తీగలకు, చెట్లకు, సెల్ టవర్లకు చుట్టుకుంటాయి. నూలు దారమైతే ఎండకు, వానకు కొన్నాళ్ళకు చివికిపోతుంది. నైలాను దారం చివకదు. చైనా మాంజా అని పేరేగాని దానిలో చాలా భాగం తయారయ్యేది మన దేశంలోనే. తెలంగాణ ప్రభుత్వం 2016 జనవరిలో దీనిని నిషేధించింది. 2017 జూలైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. నిషేధం కాగితం మీద ఉంది, దారం మేడమీద ఉంది. 2024 జనవరిలో లంగర్‌హౌస్ ఫ్లైఓవర్ మీద బండిపై వెళ్తున్న ఒక సైనికుని గొంతు ఈ దారానికే తెగి ఆయన మరణించారు. హెచ్చుబరువు లేని పక్షి దీనికి చిక్కితే ఏమవుతుందో చెప్పనవసరం లేదు. ఇంకొక సంగతి: మన ప్రాంతాల్లో గద్దలు గూడు కట్టి పిల్లల్ని పెంచేది కూడా ఈ చలికాలంలోనే మొదలవుతుంది. అంటే ఒక గద్ద తీగకు చిక్కుకుంటే ఎక్కడో చెట్టుపై గూట్లో గుడ్లో, పిల్లలో ఎదురుచూస్తూ ఉండవచ్చు.

పక్షి రెక్క ముందు అంచున, భుజం నుండి మణికట్టు దాకా పలుచని చర్మపు పొర ఒకటి సాగి ఉంటుంది. దాని అంచులో సన్నని నరం లాంటి పట్టీ ఉంటుంది. మాంజా ముందుగా కోసేది దానినే. పొర మాత్రమే తెగితే కుట్లు వేసి కొన్ని వారాలు జాగ్రత్తగా ఉంచితే తిరిగి ఎగిరే ఆశ ఉంటుంది. ఎముక నడిమధ్యన విరిగి, త్వరగా వైద్యం అందితే ఆశ ఇంకా ఎక్కువ. పక్షి ఎముక మనిషి ఎముకకంటే వేగంగా, రెండు మూడు వారాల్లోనే అతుక్కోవటం మొదలవుతుంది. కీలు దగ్గరే విరిగితే మాత్రం ఎముక అతికినా కీలు బిగుసుకుపోతుంది. ఎముక బయటపడి గాలికి ఎండిపోతే అది చచ్చిన ఎముకే, ఎంత కట్టు కట్టినా అతకదు. భుజం ఎముక లోపల బోలుగా ఉండి శ్వాస సంచులతో కలిసి ఉంటుంది. అక్కడ తెరుచుకున్న గాయం చీము పట్టిందంటే అది ఊపిరి దాకా పోగలదు. వెన్ను విరిగి కాళ్ళు పడిపోయిన వేటపక్షి సంగతి అందరికంటే కష్టం. దాని అన్నం దాని కాళ్ళలోనే ఉంది.

పక్షి తన బాధను బయటికి చూపించదు. అడవిలో బాధ చూపిన పక్షిని వేటాడేవాడు ముందు గుర్తిస్తాడు కాబట్టి అల్లాహ్ దానిని అలా సృష్టించాడు. పెట్టెలో కదలకుండా కళ్ళు సగం మూసి కూర్చున్న గద్దను చూసి మనము 'పాపం, ప్రశాంతంగా ఉంది' అనుకుంటాము. అది ప్రశాంతత కాకపోవచ్చు. రెండు రోజులు నోరు తెరిచి శ్వాస తీసుకున్న పక్షి రెండు రోజులూ యాతనలోనే ఉంది.

ఫఖీహ్‌ల మధ్య ఉన్న భేదం

ఇప్పుడు ధర్మశాస్త్రం సంగతికి వద్దాము. తినదగిన పక్షి విషయంలో పెద్ద చిక్కు లేదు. పావురమో, కోడో దెబ్బతిని చావుకు దగ్గరైతే ప్రాణం ఉండగానే అల్లాహ్ పేరుతో జిబహ్ చేయటానికి ఖుర్‌ఆన్ (అల్ మాయిదా సూరా) దారి చూపింది. ఆ పావురానికి యజమాని ఉంటే అతని అనుమతి తీసుకోవాలి, అంతే. చిక్కంతా తినకూడని జీవి దగ్గరే వస్తుంది. గోళ్ళతో వేటాడే పక్షి మనకు ఆహారం కాదు. మరి ఆహారం కోసం కానప్పుడు దాని ప్రాణం తీసే హక్కు మనకు ఎక్కడి నుండి వచ్చింది?

మన పూర్వ పండితులు ఈ ప్రశ్నను గద్ద గురించి కాకుండా గాడిద గురించి వేసుకున్నారు. కుంటుపడి, జబ్బుపడి, ఇక లేవలేని గాడిదను బాధనుండి తప్పించటానికి చంపవచ్చా? జవాబుల్లో భేదముంది. మాలికీ గ్రంథాల్లో, బ్రతుకుతుందన్న ఆశ వదులుకున్న తినకూడని జంతువును జిబహ్ చేయటానికి అనుమతి కనిపిస్తుంది. హనఫీ గ్రంథాల్లో తినకూడని జంతువును సైతం ఒక సరైన ప్రయోజనం కోసం జిబహ్ చేయవచ్చునని ఉంది. ఇంటిల్లిపాదినీ వేధించే పిల్లిని సైతం కొట్టకూడదు, చెవి మెలిపెట్టకూడదు, తప్పనిసరైతే పదునైన కత్తితో ఒక్కసారిగా జిబహ్ చేయాలని ఔరంగజేబు కాలంలో మన దేశంలోనే కూర్చబడిన ఫతావా ఆలంగీరీలో ఉంది. దీని ఆధారంగానే, నయం కాదని తేలిన జంతువు బాధ తీర్చటాన్ని అనేకమంది హనఫీ ముఫ్తీలు అనుమతించారు.

షాఫయీ, హంబలీ గ్రంథాలు మాత్రం కూడదంటాయి. బాధ తీర్చే ఉద్దేశంతోనైనా సరే, తినకూడని జంతువు ప్రాణం తీయరాదని షాఫయీ ఫఖీహ్‌లు స్పష్టంగా వ్రాశారు. హంబలీ పండితులు దానికి పోలిక కూడా ఇచ్చారు: కఠినమైన రోగంతో బాధపడే మనిషిని చంపకూడదు కదా, ఇదీ అంతే అని. మన హైదరాబాదులో అత్యధికులు హనఫీలైనా బార్కస్‌లోని అరబ్బు సంతతి సోదరులు షాఫయీలు. ఒకే నగరంలో, ఒకే గద్ద గురించి ఇద్దరు యోగ్యులైన ఆలిములు వేర్వేరు జవాబులు చెబితే పాఠకులు కంగారు పడకూడదు. ఇది ఇష్టానుసారం పుట్టిన భేదం కాదు, ఇరుపక్షాల వెనుకా దైవభీతి ఉంది. ఒకరు జీవి బాధను చూసి భయపడ్డారు, మరొకరు ప్రాణం తీసే చేతిని చూసి భయపడ్డారు.

కూడదన్నవారి భయానికి గట్టి ఆధారమే ఉంది. భూమిపై నడిచే జీవులు, రెక్కలతో ఎగిరే పక్షులు మనలాంటి సముదాయాలేనని ఖుర్‌ఆన్ (అల్ అన్‌ఆమ్ సూరా) తెలియజేస్తోంది. రెక్కలు చాచిన పక్షులకు తమ ఆరాధన, తమ తస్బీహ్ తెలుసని అన్ నూర్ సూరా తెలియజేస్తోంది. ఒక ప్రవక్తను చీమ కుడితే ఆయన చీమల పుట్టనంతా కాల్పించారని, అల్లాహ్‌ను కీర్తించే సముదాయాన్ని నాశనం చేశావేమని అల్లాహ్ ఆయనను మందలించాడని బుఖారీలో హదీసు ఉంది. గద్ద బ్రతికి ఉన్నంతసేపు తస్బీహ్‌లో ఉంది. దానిని మధ్యలో ఆపే ముందు చేయి వణకాలి. వణకని చేతికి ఈ పని అప్పగించకూడదనే మేము అంటాము.

అయినా మేము హనఫీ, మాలికీ మాటవైపే మొగ్గుతున్నాము. మనిషితో పోల్చటం దగ్గర మాకు మనసు ఒప్పటం లేదు. మనిషి రోగం వేరు, గద్ద రోగం వేరు. విశ్వాసికి ముల్లు గుచ్చుకున్నా దానివల్ల అతని పాపం ఒకటి రాలిపోతుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. రోగి ఆఖరి గడియలో తౌబా చేసుకోవచ్చు, వసీయత్ చెప్పవచ్చు, అలిగిన అన్నను పిలిచి మాట్లాడవచ్చు, కలిమా చదవవచ్చు. అతని బాధకు పరలోకంలో లెక్క ఉంది. గద్దకు రాలిపోవటానికి పాపమే లేదు. దాని యాతన దాని పాపాన్ని కడగదు, దాని ఓర్పును పరీక్షించదు. ఆ యాతన పరీక్షించేది దానిని పెట్టెలో పెట్టుకున్న మనల్ని.

ఇక్కడే ఒక హెచ్చరిక. జంతువు విషయంలో చెప్పిన మాటను ఆసుపత్రిలో ఉన్న తల్లిదండ్రుల మీదికి మళ్ళించే ధోరణి ఈ మధ్య కనిపిస్తోంది. అది ససేమిరా కూడదు. గాయాల బాధ భరించలేక తన ప్రాణం తానే తీసుకున్న యోధుని గురించి హదీసుల్లో వచ్చిన హెచ్చరిక చాలా కఠినమైనది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు కొన్ని షరతులతో అనుమతించినది కూడా ఫలితంలేని ప్రాణాధార చికిత్సను ఆపటాన్నే, ప్రాణం తీసే మందు ఇవ్వటాన్ని కాదు. చికిత్స ఆపటం గురించి ఉలమాలు వేరుగా చర్చించారు. దానిని మరో సంచికలో చూద్దాము, ఇన్‌షా అల్లాహ్.

ఎవరి బాధ తీరుస్తున్నాము?

అనుమతి ఉంది అన్నంత మాత్రాన పని అయిపోలేదు. అసలు ప్రశ్న ఇప్పుడే మొదలవుతుంది. గద్ద ప్రాణం తీయాలన్నప్పుడు తీరేది ఎవరి బాధ? వద్దన్నప్పుడు తప్పేది ఎవరి బాధ?

రెండు వైపులా నఫ్స్ దాక్కొని ఉంటుంది. 'పాపం, దాని అవస్థ చూడలేకపోతున్నాము, ఏదో ఒకటి చేసెయ్యండి' అని కొందరు అంటారు. చూడలేకపోవటం మన కష్టం, దాని కష్టం కాదు. రక్తం, వాసన, ఇంట్లో పిల్లల ఏడుపు, రేపు ఉదయం ఆఫీసు, పక్షుల డాక్టరుకు అయ్యే ఖర్చు, అన్నీ కలిపి దానికి 'జాలి' అని పేరు పెట్టుకుంటాము. ఏడవ హిజ్రీ శతాబ్దపు గొప్ప ఫఖీహ్ ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (రహ్మ) జంతువులకు మనిషిపై ఉన్న హక్కులను లెక్కిస్తూ, అది ముసలిదైనా, జబ్బుపడినా, దానివల్ల మనకు ఏ లాభమూ లేకున్నా దాని మేతకు ఖర్చు పెట్టటాన్ని అన్నిటికంటే ముందు ఉంచారు. లాభం లేకపోవటం, ఖర్చు కావటం ప్రాణం తీయటానికి కారణాలు కావని ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

మరికొందరు దీనికి ఎదురుగా నిలబడి, 'మేము చంపము, అల్లాహ్ చూసుకుంటాడు' అంటారు. బల్కంపేట పెద్దాయన మాట ఇదే. ఆయన ఈమాన్‌ను మేము శంకించటం లేదు. ప్రాణం అల్లాహ్‌దేనన్నది అక్షర సత్యం. కాని ఆ మాట చెప్పాక ఆ పెట్టె ఎక్కడికి వెళ్ళింది? మరో వైద్యుని దగ్గరికి వెళ్ళిందా? బాధ తగ్గించే మందు ఇప్పించారా? లేదు, వంటింటి మూలకు వెళ్ళింది. మనము ముట్టుకోలేదు కాబట్టి మన చేతులు శుభ్రంగా ఉన్నాయనుకోవటం తవక్కుల్ కాదు. ఒంటెను ముందు కట్టి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) ఒక గ్రామీణునికి నేర్పారు. దారం కోసి దానిని దించిన క్షణం నుండి ఆ గద్ద తీగమీది గద్ద కాదు, వారి చేతిలోని అమానత్. దాని ప్రతి గంటకూ వారు బాధ్యులు.

పిల్లిని బంధించి ఉంచిన స్త్రీ గురించి బుఖారీ, ముస్లింలలో ఉన్న హదీసు మనందరికీ తెలిసినదే. ఆమె దానికి తిండి పెట్టనూ లేదు, పురుగూ పుట్రా తిని బ్రతకటానికి వదలనూ లేదు. ఆమె ఆ పిల్లిని కత్తితో పొడవలేదని గమనించండి. ఆమె చేసిన పాపమంతా చేయకపోవటంలో ఉంది. అట్టపెట్టె మూతవేసి దూరంగా కూర్చోవటం ఆ దారికి దగ్గరగా ఉందని మేము భయపడుతున్నాము.

సోదరి ప్రశ్నకు మా జవాబు ఇది. ఆమె చెప్పిన స్థితిలో, అంటే ఎముక ఎండిపోయి, గాయం చెడి, శ్వాస కష్టమైన స్థితిలో, వైద్యుని మాట వినివుంటే ఎవరికీ పాపం అంటేది కాదు. అది ఇహ్సాన్ అయ్యేది. వినకపోయినవారు తెలియక, భయభక్తులతో వినలేదు. వారిని అల్లాహ్ క్షమిస్తాడని ఆశిస్తున్నాము. షాఫయీ పాఠకులు తమ ముఫ్తీ మాటపై నిలబడి ప్రాణం తీయటానికి నిరాకరిస్తే మేము తప్పు పట్టము. కాని అప్పుడు బాధ తగ్గించే మందు, వెచ్చదనం, వైద్యం చివరి శ్వాస దాకా అందించటం వారిపై ఉన్న బాధ్యత. చంపకపోవటం వారికి సులువైన దారి కాదు, ఎక్కువ ఖర్చైన దారి.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. గాయం మానింది, బాధ లేదు, కాని రెక్క పోయింది. గద్ద ఇక ఎగరదు. దానిని ఏమి చేయాలి?

అమెరికాలో అడవిపక్షులకు వైద్యం చేసేవారికి కేంద్ర ప్రభుత్వ నిబంధన ఉంది. రెండు కళ్ళూ పోయినా, కాలు తీసేయవలసి వచ్చినా, మోచేయి దగ్గరో దానిపైనో రెక్క తీసేయవలసి వచ్చినా ఆ పక్షి ప్రాణం తీయాలనే ఆదేశం. పశువైద్యుడు కారణం వ్రాసి ఇస్తే మినహాయింపు దొరకవచ్చు. తిరిగి అడవికి వెళ్ళలేని అడవిపక్షికి పంజరంలో బ్రతుకు బ్రతుకు కాదన్నది వారి ఆలోచన. దీనికి సరిగ్గా ఎదురుగా, ఏ స్థితిలోనూ ఏ ప్రాణినీ చంపకూడదనే జైన సోదరుల సిద్ధాంతం మన దేశంలోనే ఉంది.

ఎగరలేకపోవటమే మరణానికి తగిన కారణమన్న మాటను మేము ఒప్పుకోలేము. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టను పెంచుకునేవాడు. అది చనిపోతే దైవప్రవక్త (స) ఆ పసివాడిని ఆప్యాయంగా పలకరించి దాని గురించి అడిగారు. పెంచుకోవటాన్ని ఆయన తప్పు పట్టలేదు. తిండి, నీళ్ళు, వసతి సరిగా చూస్తే పక్షిని ఉంచుకోవచ్చునని ఫఖీహ్‌లు ఈ హదీసు నుండే గ్రహించారు. పంజరంలో ఉన్న పక్షి బ్రతుకూ బ్రతుకే. ఒంటి రెక్కతో కొమ్మపై కూర్చొని, ముక్క తిని, ఎండకు ఒళ్ళు ఆరబెట్టుకునే గద్ద తస్బీహ్‌ను 'పనికిరానిది' అని తీర్పు చెప్పే అధికారం ఎవరిచ్చారు?

అయితే ఇక్కడా ఒక్క కొలమానం పనికిరాదు. పాత కట్టడాల చూరుల్లో, వంతెనల క్రింద గూళ్ళు కట్టే చిన్న నల్ల పక్షులు మన నగరంలో ఉన్నాయి. అవి కొమ్మపై కూర్చోవు, వాటి కాళ్ళు దానికి పనికిరావు. ఎగురుతూనే గాలిలోని పురుగులను పట్టి తింటాయి. వాటికి ఎగరటం పోతే తిండి, విశ్రాంతి అన్నీ పోయినట్టే. మనిషి కనబడితే చాలు పంజరం కమ్మీలకు తల కొట్టుకొని ప్రతిరోజూ రక్తం కార్చుకునే పక్షులూ ఉన్నాయి. అలాంటి పక్షిని సంవత్సరాల తరబడి ఉంచి 'మేము చంపలేదు' అని తృప్తి పడటం ఆ పిల్లిని బంధించిన స్త్రీ కథకే తిరిగి వస్తుంది. ఏ పక్షికి ఏది యాతన అన్నది ఆ పక్షిని ఎరిగినవాడే చెప్పగలడు. మేము చదివిన కితాబులు హుకుం చెబుతాయి, పక్షి లోపలి సంగతి చెప్పవు.

ఎవరు నిర్ణయించాలి?

అందుకే నిర్ణయం ఇంటి పెద్దది కాదు, మౌల్వీదీ కాదు. పక్షులకు వైద్యం చేసి ఎరిగిన పశువైద్యునిది. చట్టం కూడా ఇదే వైపు నిలబడింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవిపక్షిని చంపటమే కాదు, అనుమతి లేకుండా ఇంట్లో ఉంచుకోవటం కూడా నేరం. కోలుకోలేనంతగా గాయపడిన, జబ్బుపడిన వన్యప్రాణి విషయంలో అనుమతి ఇచ్చే అధికారాన్ని ఆ చట్టం రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి ఇచ్చింది. కాబట్టి పక్షి దొరికిన రోజే అటవీశాఖకో, వారితో కలిసి పనిచేసే జంతు సంరక్షణ సంస్థకో అప్పగించాలి. హైదరాబాదులో 1992 నుండి బ్లూక్రాస్ పనిచేస్తోంది. ప్రభుత్వ పశువైద్యశాలలూ ఉన్నాయి.

ఒక వైద్యుడు 'లాభం లేదు' అన్నంత మాత్రాన నమ్మాలా అని మరొకరు అడిగారు. కుక్కలకు, ఆవులకు వైద్యం చేసి ఎరిగిన ప్రతి డాక్టరూ పక్షుల డాక్టరు కాడు. వీలైతే రెండో మాట తీసుకోండి. ఢిల్లీలోని వజీరాబాద్‌లో నదీమ్ షెహజాద్, ముహమ్మద్ సఊద్ అనే ఇద్దరు ముస్లిం అన్నదమ్ములు ఉన్నారు. సవాబు కోసం పెద్దలు గద్దలకు మాంసం ముక్కలు విసరటం చూస్తూ పెరిగినవారు. మాంజాకు తెగిన ఒక గద్దను ఎవరూ చేర్చుకోకపోతే, వ్యాయామశాలలో కండరాల గురించి నేర్చుకున్న కొద్దిపాటి జ్ఞానంతో వారు ఈ పనిలోకి దిగారు. సబ్బు నురుగు డబ్బాలు తయారుచేసే తమ ఇంటి నేలమాళిగలోనే వేలాది గద్దలకు కట్లు కట్టారు. వారిపై తీసిన 'ఆల్ దట్ బ్రీత్స్' అనే డాక్యుమెంటరీ 2022లో కాన్ చిత్రోత్సవంలో బహుమతి పొందింది. అంతకుముందు దిక్కులేక చచ్చిపోయే గద్దలెన్నో వారి చేతిలో తిరిగి ఎగిరాయి. గద్ద అదే, గాయం అదే. తెలిసిన చేయి దొరికింది. 'ఆశ లేదు' అన్న మాట పక్షి గురించినదో, చెప్పేవాని జ్ఞానం గురించినదో తేల్చుకున్నాకే ముందుకు వెళ్ళాలి.

డాక్టరు దగ్గరికి వెళ్ళేలోగా చేయవలసింది కొద్దిపాటే. దారాన్ని లాగవద్దు, లాగితే నరం తెగుతుంది. గాయంలో దిగిన ముక్కను అలాగే ఉంచి రెండు వైపులా కత్తిరించండి. గుడ్డ కప్పి పట్టుకొని, గాలి తగిలే చీకటి పెట్టెలో వెచ్చగా ఉంచండి. నోట్లో నీళ్ళు పోయవద్దు, అవి ఊపిరి గొట్టంలోకి పోతాయి. పాలు, రొట్టె పెట్టవద్దు. మనకు వాడే నొప్పి మాత్రలు అసలే వద్దు. డైక్లోఫెనాక్ వల్ల మన దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో పశువులకు దానిని వాడకుండా ప్రభుత్వం నిషేధించవలసి వచ్చింది. పిల్లలను చుట్టూ మూగనివ్వకండి. ముద్దుగా నిమరటం మన పిల్లికి ఇష్టం కావచ్చు, గద్దకు అది మృత్యువు తాకినట్టే.

తప్పనిసరైన చోట పద్ధతి గురించి కూడా చెప్పాలి. హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖించిన హదీసు ముస్లింలో ఉంది. ప్రతి పనిలోనూ ఇహ్సాన్‌ను అల్లాహ్ విధిగా చేశాడని, ప్రాణం తీయవలసి వచ్చినా చక్కగా తీయాలని, కత్తిని పదును పెట్టుకొని జీవికి సౌఖ్యం కలిగించాలని దైవప్రవక్త (స) అందులో బోధించారు. జంతువు కళ్ళముందే కత్తి నూరుతున్న వ్యక్తిని ఆయన మందలించిన సంగతి కూడా హదీసుల్లో ఉంది. ఆ రోజుల్లో అన్నిటికంటే తక్కువ బాధ కలిగించేది పదునైన కత్తి. గద్దను తినేది లేదు కాబట్టి ఇక్కడ జిబహ్ షరతుల చర్చ రాదు. చూడవలసింది ఒక్కటే, దేనివల్ల బాధ తక్కువ. ముందు మత్తు ఇచ్చి, స్పృహ పోయాక ఎక్కువ మోతాదు మందు ఎక్కించే నేటి వైద్యుల పద్ధతి ఆ హదీసు ఉద్దేశానికి దగ్గరగా ఉందని మా అభిప్రాయం. మెడ మెలిపెట్టటం, నీళ్ళలో ముంచటం, ఆకలితో మాడ్చటం, 'ఎలాగూ పోతుంది' అని చెత్తకుండీ పక్కన వదిలిపెట్టి కుక్కలకు అప్పగించటం, ఇవన్నీ హింస. వీటికి దయ అనే పేరు తగిలించకూడదు.

మందుతో ప్రాణం పోయిన పక్షిని చెత్తలో పారవేయవద్దు. ఆ మందు మాంసంలో నిలిచి ఉంటుంది. దానిని తిన్న కాకి, కుక్క, మరో గద్ద కూడా చచ్చిపోగలవు. వైద్యశాలవారే కాల్చివేస్తే సరి, లేదంటే కుక్కలు త్రవ్వలేనంత లోతుగా పూడ్చాలి. దాని రెక్కకు చుట్టుకొని ఉన్న మాంజాను కూడా అలాగే వదలకుండా చిన్న ముక్కలుగా కత్తిరించి పారవేయాలి. మేడమీద, కేబుల్ తీగమీద, వేపచెట్టు కొమ్మల్లో మిగిలిన దారాన్ని కర్రకు కొక్కెం కట్టి ఈ నెలలోనే తీయించండి. దగ్గర్లోని చెట్టుపై గద్ద గూడు ఉంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో పిల్లలు మొదటిసారి రెక్క విప్పేది ఆ కొమ్మల మధ్యనే.